ఊరికి మేనేజరు కావలెను



మున్సిపాలిటీ ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చునే అధికారిని మనవాళ్ళు ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు. ఆంధ్రలో కమిషనరుగారు. బళ్ళారి, రాయచూరు వైపు చిన్న పట్టణాల్లో ముఖ్యాధికారి. మహారాష్ట్రలోనూ అదే మాట, పలుకుబడి మాత్రం మరాఠీది. తమిళనాడు పట్టణ పంచాయతీల్లో సెయల్ అలువలర్. ఒడిశాలో మేమంతా ఇ.ఓ.గారు అంటాం. యానాంలో ఫ్రెంచివారి నాటి అడ్మినిస్ట్రేటరు అన్న మాట ఇంకా వాడుకలో ఉంది. పేరు ఏదయినా, ఆ అధికారి వచ్చే దారి మాత్రం ఒక్కటే. రాజధానిలో ఒక కాగితం మీద సంతకం పడుతుంది, ఒక సోమవారం పొద్దున కొత్త ముఖం కనబడుతుంది. మనం దండ వేసి ఆహ్వానిస్తాం. ఆయనకు ఊరు సందుసందూ తెలిసే వేళకు మరో దండ వేసి సాగనంపుతాం.

ఊరే తనకు కావలసిన అధికారిని వెతుక్కుని, పిలిపించుకుని, మాట్లాడి, జీతం కుదుర్చుకుని పెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో వేలాది పట్టణాల్లో అదే నడుస్తోంది. ఆ అధికారిని అక్కడ సిటీ మేనేజరు అంటారు. ఊరి ప్రజలు ఐదుగురినో ఏడుగురినో కౌన్సిలుకు ఎన్నుకుంటారు. ఆ కౌన్సిలు ఒక మేనేజరును నియమిస్తుంది. పన్ను ఎంత, ఏ పని ముందు, ఏది వెనుక అన్నది కౌన్సిలు నిర్ణయిస్తుంది. పని చేయించడం, సిబ్బందిని చూసుకోవడం, బడ్జెటు తయారు చేసి ముందు పెట్టడం మేనేజరు వంతు. కౌన్సిలుకు నచ్చకపోతే మేనేజరును తీసివేయవచ్చు. కౌన్సిలు సభ్యుడు మాత్రం నేరుగా పారిశుధ్య మేస్త్రీని పిలిచి "మా వీధి ముందు ఊడ్పించు" అని ఆజ్ఞాపించకూడదు. మేనేజరుతోనే చెప్పాలి. ఈ ఒక్క నియమం మన ఊళ్ళలో అమలయితే ఎన్ని తగాదాలు తగ్గేవో మీరే ఊహించుకోండి.

ఈ పద్ధతి వెనుక నీటి కథ ఉంది. 1900 సెప్టెంబరులో టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ పట్టణాన్ని తుపాను ముంచేసింది. కనీసం ఆరు వేల మంది పోయారు. పాత నగరపాలక వ్యవస్థ చేతులెత్తేసింది. అప్పుడు ఐదుగురు కమిషనర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో శాఖ అనే ఏర్పాటు వచ్చింది. అది చాలా ఊళ్ళకు పాకింది. అయితే ఐదుగురికి ఐదు శాఖలు పంచితే ఐదు చిన్న రాజ్యాలు తయారవుతాయని త్వరలోనే తెలిసింది. ఈలోగా 1908లో వర్జీనియాలోని స్టాంటన్ అనే చిన్న పట్టణం ఛార్లెస్ ఆష్‌బర్నర్ అనే ఇంజనీరును ఏడాదికి 2,500 డాలర్ల జీతం మీద ఊరి పనులన్నిటికీ పెద్దగా పెట్టుకుంది. ఒక చిన్న ఆనకట్ట మరమ్మతుకు నాలుగు వేల డాలర్లవుతుందని ఇతరులు చెబితే, 737 డాలర్లలో అయిపోతుందని ఆయన లెక్క చూపించాడనీ, ఆ లెక్కే ఆయనకు ఉద్యోగం తెచ్చిపెట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. ఆష్‌బర్నర్ పుట్టింది మన బొంబాయిలో. బ్రిటిషు సైనికాధికారి కొడుకు.

1912లో దక్షిణ కెరొలైనాలోని సమ్టర్ పట్టణం ఇంకో అడుగు వేసింది. ఎన్నికయిన కౌన్సిలు, దాని కింద జీతం తీసుకునే మేనేజరు అన్న ఏర్పాటును ఓటు వేసి చట్టంగా రాసుకుంది. ఆ తర్వాత మేనేజరు కావలెనంటూ ప్రకటన ఇచ్చింది. వీధులు, దీపాలు, మంచినీళ్ళు చూసుకోగలవాడు కావాలి, పేరున్న ఇంజనీరయితే మరీ మంచిది అన్నది దాని సారాంశం. పదివేల జనం ఉన్న ఊరు ఇలా ప్రకటన ఇచ్చి అధికారిని పిలవడం అప్పట్లో వింత. 1913 మార్చిలో ఒహాయోలోని డేటన్ నగరాన్ని వరద ముంచింది. మరుసటి ఏడాది ఆ నగరమూ మేనేజరు పద్ధతిలోకి వచ్చింది. మొదట పనామా కాలువ తవ్వించిన గోథల్స్‌ను అడిగారట, ఆయన రానన్నాడు. చివరికి హెన్రీ వెయిట్ అనే ఇంజనీరు వచ్చాడు. ఇది చూసి మిగతా నగరాలు కదిలాయి. గాల్వెస్టన్ కూడా తర్వాత మేనేజరు పద్ధతికే మారింది.

ఇక ఈ నియామకం ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందుకు పెద్ద నగరం కన్నా సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరే మంచి ఉదాహరణ, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది.

కాలిఫోర్నియాకు ఉత్తరపు కొసన క్రెసెంట్ సిటీ అనే ఊరుంది. పేరులో సిటీ ఉన్నా జనం ఆరేడు వేలే. అందులో పెలికాన్ బే జైలు ఖైదీలు కూడా లెక్కే. 1964 మార్చిలో అలాస్కాలో వచ్చిన భూకంపం వల్ల అర్ధరాత్రి ఆ ఊరి మీద సునామీ పడింది. మొదటి అలలు వెనక్కి పోగానే ప్రమాదం తప్పిందనుకుని కొందరు సామాన్లు చూసుకోవడానికి కిందికి దిగారు. తర్వాత వచ్చిన పెద్ద అల వాళ్ళను తీసుకుపోయింది. పదకొండు మంది చనిపోయారు, 29 బ్లాకుల మేర ఊరు దెబ్బతింది. 2011లో జపాను సునామీ మళ్ళీ అక్కడి రేవును పాడుచేసింది. రెండేళ్ళకు జపానులోని రికుజెన్‌తకాట హైస్కూలు పడవ ఒకటి పసిఫిక్ దాటి ఈ ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇక్కడి బడి పిల్లలు దాన్ని శుభ్రం చేశారు, పడవ తిరిగి తన బడికి చేరింది. 2018లో రెండు ఊళ్ళూ తోబుట్టువుల ఊళ్ళయ్యాయి. బడిపంతులును కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇలాంటి ఊరికి మేనేజరుగా ఎవరు వస్తారు? ఏం చూసి వస్తారు? పెద్ద నగరంలో నీళ్ళకు ఒకరు, రోడ్లకు ఒకరు, లెక్కలకు ఒకరు, న్యాయ సలహాకు ఒకరు ఉంటారు. చిన్న ఊళ్ళో వీటిలో సగం మేనేజరు బల్ల మీదికే వస్తాయి. తీరపు ఊరికి ఉన్న చిక్కులు అదనం. శీతాకాలంలో నిర్మానుష్యంగా ఉండే వీధులు వేసవిలో యాత్రికులతో కిటకిటలాడతాయి. మురుగు కాలువలు, చెత్తబండ్లు ఆ వేసవి జనానికి సరిపడా ఉండాలి, వాటి ఖర్చు మాత్రం ఏడాది పొడుగునా ఉండే కొద్దిమంది నెత్తిన పడకూడదు. అందుకే హోటల్లో దిగినవారి దగ్గర బస పన్ను వసూలు చేస్తారు. చాలా తీరపు ఊళ్ళకు అదే పెద్ద ఆధారం. ఒక ఏడాది తుపానుకో కార్చిచ్చుకో యాత్రికులు రాకపోతే బడ్జెటు తలకిందులే. ఒడ్డున గోడ కట్టాలన్నా, మెట్లు వేయాలన్నా కాలిఫోర్నియాలో 1976 నాటి తీర చట్టం ప్రకారం అనుమతి కావాలి. దీనికి తోడు సెలవులకు మాత్రమే వచ్చే ధనికుల ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళకు ఊళ్ళో ఓటు ఉండదు, కానీ ఆస్తి పన్ను కడతారు, ఫిర్యాదులు గట్టిగా చేస్తారు.

ఆ ఇళ్ళ వల్లనే ఇంకో తమాషా జరుగుతుంది. ఊరికి మేనేజరుగా వచ్చినవాడు ఆ ఊళ్ళో ఇల్లు కొనలేడు. అదే రాష్ట్రంలో కార్మెల్-బై-ద-సీ అనే మూడు వేల పైచిలుకు జనం ఉన్న ఊరుంది. దశాబ్దాలపాటు ఇళ్ళకు నంబర్లు కూడా పెట్టుకోని విచిత్రమయిన ఊరు. 1986లో సినిమా నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ అక్కడ మేయరుగా గెలిచి రెండేళ్ళు చేశాడు. మనకు సినిమా నటుల పరిపాలన కొత్త కాదు కనుక ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే అక్కడ మేయరు కౌన్సిలులో ఒకడు మాత్రమే. రోజువారీ పాలన సిటీ అడ్మినిస్ట్రేటరు అనే జీతపు అధికారిది. అలాంటి చోట ఇంటి ధర ఆ జీతానికి అందదు. అందుకని కొన్ని ఊళ్ళు మేనేజరు ఒప్పందంలోనే అద్దె సాయమో, ఇంటి అప్పో చేర్చక తప్పడం లేదు. వేరే ఊళ్ళో కాపురం ఉంటే సరిపోదా అంటే, తుపాను రాత్రి రోడ్డు తెగితే ఆఫీసుకు ఎవరు చేరతారు? చాలా ఊళ్ళలో అత్యవసర పరిస్థితికి అధిపతి ఆ మేనేజరే.

పాత మేనేజరు వెళ్ళిపోగానే ముందు ఒక ఇన్‌చార్జిని చూస్తారు. తరచు పదవీ విరమణ చేసిన పాత మేనేజర్లే ఈ పనికి వస్తారు. కాలిఫోర్నియాలో రాష్ట్ర పింఛను తీసుకునేవారు ఇలా ఏడాదికి 960 గంటలకు మించి పనిచేయకూడదని నియమం. అంటే పూర్తి కాలం పనిచేస్తే ఆరు నెలలకు గడువు తీరిపోతుంది. ఈలోపల వెతుకులాట ముగియాలి.

వెతకడానికి చాలా ఊళ్ళు ఒక సంస్థను పెట్టుకుంటాయి. మన పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే అనుకోండి, ఫీజు మాత్రం ఎక్కువ. ఆ సంస్థవాళ్ళు వచ్చీ రాగానే అభ్యర్థుల సంగతి ఎత్తరు. ముందు కౌన్సిలు సభ్యులతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. తర్వాత ఆఫీసు సిబ్బందితో, దుకాణదారులతో, చేపల రేవువాళ్ళతో, ఊరి సభలో సామాన్యులతో. అందరినీ అడిగే ప్రశ్న ఇంచుమించు ఒక్కటే: వచ్చే మూడేళ్ళలో ఈ ఊళ్ళో ఏమి జరగాలి? ఆ జవాబులన్నీ కలిపి ఊరి గురించి ఒక చిన్న పుస్తకం వేస్తారు. అందులో ఊరి అందాలతో పాటు అప్పులు కూడా ఉండాలి. మురుగునీటి కర్మాగారం పాతబడిందని, కౌన్సిలులో రెండు పక్షాలున్నాయని దాచిపెట్టి పిలిస్తే వచ్చినవాడు ఆరు నెలల్లో మూట కట్టుకుంటాడు. పెళ్ళికూతురి తరపున అబద్ధమాడినా, పెళ్ళికొడుకు తరపున ఆడినా బయటపడేది కాపురంలోనే కదా.

నా ఉద్దేశంలో ఈ వ్యవహారం మొత్తానికి అసలు భాగం ఇదే. ఇంటర్వ్యూలో తెలివైన ప్రశ్నలు ఎవరయినా వేయగలరు. తమ ఊరికి ఏమి కావాలో ఐదుగురు సభ్యులు ఒక మాట మీదికి రావడం కష్టం. ఒకరికి హోటళ్ళు పెరగాలి, ఒకరికి పెరగకూడదు. ఆ తగువు తేల్చుకోకుండా ఇద్దరికీ నచ్చే మేనేజరును వెతికితే, ఇద్దరికీ తలొక మాట చెప్పేవాడు దొరుకుతాడు.

దరఖాస్తులు వచ్చాక వడపోత. ఇక్కడ రాష్ట్రానికో తీరు. ఫ్లోరిడాలో బహిరంగ చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టినవారి పేర్లు ఎవరయినా అడిగి తెలుసుకోవచ్చు. జనానికి మంచిదే. కానీ ఇంకో ఊళ్ళో మేనేజరుగా ఉన్నవాడు దరఖాస్తు పెట్టిన సంగతి ఆ సాయంత్రానికే అతని కౌన్సిలుకు తెలిసిపోతుంది. అందువల్ల కొందరు సమర్థులు అడుగు వేయడానికే జంకుతారు. కాలిఫోర్నియాలో మాత్రం ఇంటర్వ్యూలు మూసిన తలుపుల వెనుక జరగవచ్చు. నియామకానికి, జీతానికి ఓటు మాత్రం తెరిచిన సభలో పడాలి. చాలా ఊళ్ళు మధ్యేమార్గం పాటిస్తాయి. చివరికి మిగిలిన ముగ్గురినో నలుగురినో ఊరికి పిలిచి, ప్రజలతో ఒక సాయంత్రం కలిపి, ఊరంతా తిప్పి చూపిస్తారు. పెళ్ళిచూపులే. అభ్యర్థి కూడా ఊరిని చూస్తాడు, భార్యకో భర్తకో ఉద్యోగం దొరుకుతుందా, పిల్లల బడి ఎలా ఉంది, ఆసుపత్రి ఎంత దూరం అని వాకబు చేస్తాడు. ఇటు పాత ఊళ్ళో విచారణ చేస్తారు. అభ్యర్థి ఇచ్చిన పేర్లనే అడిగి ఊరుకోకుండా, ఇవ్వని పేర్లను కూడా వెతికి అడిగేవాళ్ళు తెలివైనవాళ్ళు.

తర్వాత ఒప్పందం. జీతం, సెలవులు, ఏడాదికొకసారి పని సమీక్ష, కారణం లేకుండా తీసివేస్తే ఎన్ని నెలల జీతం ఇవ్వాలి, ఇవన్నీ రాసుకుంటారు. ఈ పరిహారం మాట వినగానే మనకు కోపం వస్తుంది, తీసేసినవాడికి జీతమెందుకని. దానికి కారణం ఉంది. రేపు ఉద్యోగం పోతే వీధిన పడతానన్న భయం ఉన్నవాడు కౌన్సిలుకు చేదు నిజం చెప్పడు. సిటీ మేనేజర్లకు 1914 నుంచి ఒక సంఘం, 1924 నుంచి ఒక నీతి నియమావళి ఉన్నాయి. మేనేజరు తన కౌన్సిలు ఎన్నికల్లో వేలు పెట్టకూడదు. ఒక ఊరికి వస్తానని మాట ఇచ్చాక ఇంకో ఊళ్ళో ఎక్కువ దొరికిందని ఎగ్గొట్టకూడదు. మామూలుగా కనీసం రెండేళ్ళయినా ఉండాలి. మన బదిలీల వేగం చూస్తే రెండేళ్ళు కూడా గొప్పే అనిపిస్తుంది.

ఇదంతా విని ఆ పద్ధతిలో లోపమే లేదనుకోకండి. లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అనే పట్టణం ఉంది. ముప్పై అయిదు వేల పైన జనం, ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే కూలీనాలీ కుటుంబాలు. 2010 జులైలో అక్కడి పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. ఆ ఊరి మేనేజరు రాబర్ట్ రిజో ఏడాది జీతం ఎనిమిది లక్షల డాలర్లకు కాస్త తక్కువ. అమెరికా అధ్యక్షుడి జీతం నాలుగు లక్షలు! కౌన్సిలు సభ్యులు కూడా నామమాత్రపు పనికి లక్ష డాలర్ల దాకా తీసుకుంటున్నారు. ఇది సాధ్యమయింది ఎలాగంటే, 2005లో జరిగిన ఒక ప్రత్యేక ఎన్నికతో ఊరికి సొంత ఛార్టరు తెచ్చుకున్నారు. దాంతో సభ్యుల జీతాల మీద రాష్ట్రపు పరిమితి తప్పిపోయింది. ఆ ఎన్నికలో పడిన ఓట్లు నాలుగు వందల లోపు. నోటీసులు ఎందరికి అర్థమయ్యాయో, ఎందరు సభకు వెళ్ళారో ఆ అంకె చెబుతోంది. 2014లో రిజోకు పన్నెండేళ్ళ శిక్ష పడింది. ఆ గొడవ తర్వాత కాలిఫోర్నియాలో పట్టణాల జీతాలన్నీ రాష్ట్రం బహిరంగంగా ప్రకటించడం మొదలయింది. మేనేజరు జీతాన్ని ఓటుకు ముందు సభలో నోటితో చదివి వినిపించాలని 2016లో చట్టం కూడా వచ్చింది.

బెల్ కథలో భాష సంగతి మనకు సూటిగా తగులుతుంది. ఇప్పుడు అలాంటి ఊళ్ళు కొన్ని తమ ప్రకటనల్లో స్పానిష్ తెలిసినవారికి ప్రాధాన్యం అని రాస్తున్నాయి. అధికారి రాకముందే అడగడానికి ఊరికి ఒక కాగితం ఉంది కనుక అలా రాయగలుగుతున్నాయి. మన అధికారులు బదిలీ మీద వస్తారు, ఆ కాగితం మనకు లేదు. 1993 జూన్‌లో అమలుకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికయిన పాలకవర్గాలు ఉండాలన్నది, అధికారిని ఎంచుకునే హక్కు మాత్రం వాటికి ఇవ్వలేదు. యానాం ఉన్న పుదుచ్చేరిలో ఆ ఎన్నికలయినా 1968 తర్వాత మళ్ళీ జరిగింది 2006లో, 38 ఏళ్ళకు.

అయినా మన చేతిలో కొన్ని సాధనాలున్నాయి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన కష్టం గురించిన అర్జీని ఏ అధికారికయినా దేశంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనయినా ఇవ్వవచ్చు. అంటే బళ్ళారిలోనూ, హోసూరులోనూ, బరంపురంలోనూ తెలుగులో రాసిన అర్జీ చెల్లుతుంది. ఇంకొకటి, మున్సిపాలిటీలో ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారు 15 శాతమో అంతకు మించో ఉంటే ముఖ్యమైన నోటీసుల సారాంశం ఆ భాషలోనూ ప్రకటించాలని 1950లలోనే కేంద్రం, రాష్ట్రాలు అంగీకరించాయి. ఇది చాలామంది ఇ.ఓ.లకు ఎవరూ చెప్పలేదు, మనం కూడా అడగలేదు.

మాకు దగ్గరలో గోపాలపురం ఉంది. 2011 లెక్కల్లో ఏడు వేల పైచిలుకు జనం, ఇంచుమించు క్రెసెంట్ సిటీ అంత ఊరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఆ దగ్గరలోనే తీరం దాటింది. ఆ ఊరికి కొత్త ఇ.ఓ. వస్తున్నారని తెలిసినప్పుడు వార్డు సభ్యులు కూర్చుని ఒక్క పేజీ రాశారనుకోండి. మాది యాత్రికుల ఊరు, దసరా సెలవుల్లో, డిసెంబరులో చెత్తబండి రెండుసార్లు తిరగాలి. ఒడ్డున తెప్పలు లాగే నోళియాల ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, తుపాను హెచ్చరిక మైకులో ఒడియాతో పాటు తెలుగులోనూ చెప్పాలి. తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో గోడ మీద రాసి ఉండాలి. ఫలానా వీధిలో వాన పడితే మురుగు వెనక్కి తంతుంది. ఊరికి రావలసిన బాకీ ఇంత, తీర్చవలసింది ఇంత. ఆ పేజీకి తెలుగు ప్రతి ఒకటి, ఒడియా ప్రతి ఒకటి చేసి, దండతో పాటు మొదటి రోజే చేతికి ఇవ్వవచ్చు. ఒక ప్రతి వార్డు సభ్యుల దగ్గర ఉంచుకుంటే ఆయన బదిలీ అయి ఇంకొకరు వచ్చినప్పుడు, అయిన పనులు కొట్టివేసి, కానివాటి పక్కన తేదీ వేసి మళ్ళీ ఇవ్వడానికి పనికొస్తుంది.